సామాజిక నైపుణ్యంలో ‘సి’ గ్రేడు వేశాను. ఇంతకీ నేను కొలిచింది ఏంటి?

కావలి_టీచర్ | ఆదివారం, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. నేను కావలి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో ఏడో తరగతి క్లాస్ టీచర్‌ని. నెల రోజులుగా ఒక విషయం మనసును తొలిచేస్తోంది. ఇక్కడ పిల్లల్ని పెంచినవాళ్లు, మనస్తత్వశాస్త్రం చదివినవాళ్లు ఉన్నారని అడుగుతున్నాను.

ప్రోగ్రెస్ కార్డులో సబ్జెక్టుల మార్కులే కాకుండా తోటివారితో కలవడం, సహకరించడం, మాటతీరు లాంటి వాటికి కూడా గ్రేడు వేయాలి. నా క్లాసులో 38 మంది. నిజం చెబుతున్నాను, ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో కూర్చుని గంటలో అందరికీ వేసేశాను. ఒక్కొక్కరి ముఖం గుర్తు తెచ్చుకోవడం, ఒక అక్షరం రాయడం.

అందులో ఒక అమ్మాయికి ‘సి’ వేశాను. వాళ్ల నాన్న రొయ్యల చెరువుల మీద కాపలా ఉంటాడు. ఇల్లు ఆ చెరువు కట్ట మీదే. ఆ పిల్ల క్లాసులో నోరు విప్పదు. అడిగితే జవాబు చెబుతుంది, తనంతట తాను ఎవరినీ పలకరించదు.

పేరెంట్స్ మీటింగ్‌కి వాళ్లమ్మ వచ్చింది. ఆమెకు చదవడం రాదు. కార్డు నా చేతికే తిరిగి ఇచ్చి “ఏం రాశారో మీరే చెప్పండమ్మా” అంది. తెలుగులో ఎ, లెక్కల్లో బి, అన్నీ చెప్పుకుంటూ చివరికి ఇది చదివాను. “సి అంటే ఏందమ్మా? మా బిడ్డ ఎవురితోనన్నా తగాదా పెట్టుకుందా?” అంది. లేదమ్మా అన్నాను. “ఎవురినన్నా మాట అనిందా?” లేదు. “మరి?”

నా దగ్గర సమాధానం లేదు. “అందరితో కొంచెం కలవాలమ్మా” అన్నాను. ఆమె కూతురి వంక చూసింది. ఆ పిల్ల తల దించుకుంది. కార్డుని కొంగుతో తుడిచి, మడత పడకుండా సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

లెక్కల్లో సి వేస్తే ఏ లెక్క తప్పిందో పేపరు తీసి చూపిస్తాను. ఇందులో ఏం చూపించాలి? నలుగురిలో మెలగడం అనేదాన్ని అసలు కొలవగలమా? కొలిస్తే దేంతో?

ఒంగోలు_హెచ్చార్ | ఆదివారం, రాత్రి 10:02

మేడమ్, మీరు అంత బాధపడాల్సిన పని లేదనిపిస్తోంది. నేను ఒంగోలులో ఒక గ్రానైట్ కంపెనీకి మనుషుల్ని తీసుకునే పని చేస్తాను. ఇంజనీరింగ్ పాసై వచ్చిన పిల్లలు ఇంటర్వ్యూలో తలెత్తి చూడరు. పేరు చెప్పమంటే గొంతు పెగలదు. వీళ్లకి ఏడో తరగతిలోనే ఎవరైనా సి వేసి, ఇంట్లోవాళ్లను పిలిచి చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అని చాలాసార్లు అనుకున్నాను. దాచిపెడితే పిల్లకు మేలు జరగదు. నా మటుకు తలెత్తి చూడటం, చొరవగా పలకరించడం, నలుగురిలో మాట్లాడటం, ఈ మూడూ చూస్తే చాలు.

కొత్తపట్నం_వల | ఆదివారం, రాత్రి 11:20

అన్నా, ఆ మూడింటితో కొలిస్తే మా అత్తకు డి కూడా రాదు.

మా అత్త ఒడ్డున చేపల పాట పెడుతుంది. తెల్లవారి పడవలు వచ్చేసరికి బేరగాళ్లు, బండ్లవాళ్లు, ఇళ్ల మీద అమ్ముకునే ఆడవాళ్లు అందరూ గుంపు కడతారు. ఆమె ఎవరి ముఖం వంకా చూడదు. చూపు ఎప్పుడూ గంప మీదే ఉంటుంది. గొంతు కూడా లేవదు, అరిచేదంతా పక్కవాళ్లే.

ఒక్క సంగతి చెబుతాను. పాత బాకీ తీర్చని ఒక బేరగాడు మళ్లీ పాటకు వచ్చాడు. ఏమంటుందోనని అందరూ చూస్తున్నారు. వంజరం గంప మీద అతను ధర పెంచుతూ పోతున్నాడు. మా అత్త పాట ఆపలేదు, బాకీ ఊసెత్తలేదు. గంప అతనికే కొట్టేసి, “అన్నా, ఐసు పెట్టే లోపల టీ తాగి పోదువు రా” అని పాక వెనక్కి తీసుకెళ్లింది. ఐదు నిమిషాల్లో అతను బయటికొచ్చి సగం బాకీ కట్టాడు. జనం ముందు అడిగి ఉంటే అతని పరువు పోయేది, డబ్బు రాకపోయేది, రేపటి నుంచి మనిషి కూడా రాకపోయేవాడు.

దీన్ని ఏ గడిలో రాస్తారు? మనిషి మెలకువను అంకెల్లో పెట్టడమే తప్పని నా అభిప్రాయం.

పెన్నా_గట్టు | సోమవారం, ఉదయం 6:40

నేను నెల్లూరులో క్లినికల్ సైకాలజిస్ట్‌ని. టీచర్ గారి ప్రశ్న ఈ రంగంలో వందేళ్లుగా నలుగుతున్నదే, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

ముందు వల గారి అత్త గురించి. కెనెత్ రూబిన్, లిండా రోజ్-క్రాస్నర్ అనే ఇద్దరు పరిశోధకులు 1992లో సామాజిక సామర్థ్యానికి ఒక నిర్వచనం ఇచ్చారు. ఎదుటివారితో వ్యవహారంలో తన పని నెరవేర్చుకోవాలి, అదే సమయంలో వాళ్లతో సంబంధం చెడకుండా నిలుపుకోవాలి. అదీ ఒక్కనాడు కాదు, రోజులు గడిచినా, సందర్భాలు మారినా. బాకీ రాబట్టి మనిషిని పోగొట్టుకుంటే అది సామర్థ్యం కాదు. మనిషిని నిలుపుకోవడానికి ఎప్పటికీ బాకీ అడగకపోయినా కాదు. ఆవిడ రెండూ చేశారు. తలెత్తి చూశారా లేదా అన్నది ఆ నిర్వచనంలో ఎక్కడా లేదు.

ఇంకో మెలిక ఉంది. రిచర్డ్ మెక్‌ఫాల్ 1982లో నైపుణ్యాన్నీ సామర్థ్యాన్నీ విడదీశాడు. పలకరించడం, వంతు కోసం ఆగడం, సాయం అడగడం లాంటివి నైపుణ్యాలు. ఇవి పిల్లలో ఉంటాయి, చూసి లెక్కపెట్టవచ్చు. సామర్థ్యం అలా కాదు. ఒక పనిని ఒకరు చూసి “బాగా నెగ్గుకొచ్చింది” అని ఇచ్చే తీర్పు అది. తీర్పు అన్నాక ఇచ్చేవాళ్లు ఎవరు, ఎక్కడ చూశారు, ఏ పనిలో చూశారు అనేవి అందులో కలిసే ఉంటాయి. టీచర్ గారూ, మీరు వేసిన సి సగం ఆ అమ్మాయి గురించి, సగం మీరు చూసిన చోటు గురించి.

అసలు కొలవడం మొదలైంది ఎలాగంటే, 1920లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ తెలివి అంతా ఒకే రకం కాదని రాశాడు. పుస్తకాల తెలివి వేరు, యంత్రాల తెలివి వేరు, మనుషులతో నెగ్గుకొచ్చే తెలివి వేరు అన్నాడు. ఫ్యాక్టరీలో చేతిపనిలో అందరికన్నా మిన్న అయిన మెకానిక్ ఈ మూడోది లేక, జట్టును నడిపే ఫోర్‌మన్‌గా విఫలం కావచ్చని ఉదాహరణ ఇచ్చాడు. వెంటనే పరీక్షలు పుట్టుకొచ్చాయి. జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పేరుతో 1920లలో ఒకటి వచ్చింది. సందర్భం ఇచ్చి ఏం చేయాలో టిక్కు పెట్టమనడం, పేర్లూ ముఖాలూ గుర్తుపట్టమనడం, ఇలా అంతా కాగితం మీదే. తీరా చూస్తే మాటల తెలివి బాగా ఉన్నవాళ్లకే అందులోనూ ఎక్కువ మార్కులు వస్తున్నాయని విమర్శ వచ్చింది. మనుషుల మధ్య జరిగేదాన్ని కాగితం మీద పరీక్ష పెడితే వచ్చే చిక్కు ఇది.

అలాగని వల గారన్నట్టు కొలవడమే తప్పు అనను. అంకె అవసరమయ్యే చోట్లు ఉన్నాయి.

బుచ్చి_అమ్మ | సోమవారం, మధ్యాహ్నం 2:30

ఉన్నాయి సార్. ఆ అంకె మీదే మా ఇల్లు నడుస్తోంది కాబట్టి రాస్తున్నాను.

మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర. మా బాబుకు పదేళ్లు, మేధో వైకల్యం ఉంది. సదరం సర్టిఫికెట్ కోసం స్లాట్ బుక్ చేసుకుని వెళ్లినప్పుడు వాడికి ఐక్యూ పరీక్ష చేశారు, నన్ను కూర్చోబెట్టి ఇంకో వరస ప్రశ్నలు అడిగారు. బొత్తాలు పెట్టుకుంటాడా, స్నానం తనే చేస్తాడా, చిన్న వస్తువు కొనుక్కుని రాగలడా, తోడు లేకుండా ఇంటి చుట్టుపక్కల తిరుగుతాడా. వాడిని ఒక్క మాట అడగలేదు, అన్నీ నన్నే. అడిగే ఆయన తల వంచుకుని టిక్కులు పెట్టుకుంటూ పోయాడు. చివరికి 50 అని చెప్పారు. దాన్నిబట్టి 75 శాతం వైకల్యం అని రాశారు.

50 అనగానే నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. మా బిడ్డలో సగమే ఉన్నాడన్నట్టు వినిపించింది. కానీ ఆ కాగితం లేకపోతే నెలకు 6,000 పింఛను లేదు. అందుకే కొలవొద్దు అనే మాట నేను అనలేను.

నా బాధ వేరే. “ఒంటరిగా బజారుకు పోతాడా?” అన్నారు. పోడు సార్. మా ఇల్లు రోడ్డు పక్కనే, లారీలు ఆగకుండా పోతుంటాయి. నేనే పంపను. ఆ సంగతి చెప్పేలోపే తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు.

వాడిని బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండక్కి తీసుకెళ్లాను. స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, ఆరోగ్యం రొట్టె ఎవరిని అడగాలా అని నేను బిడియపడుతున్నాను. చుట్టూ “ఉద్యోగం రొట్టె”, “ఇల్లు రొట్టె” అని కేకలు. వీడు నా చెయ్యి వదిలించుకుని నీళ్లు చిమ్ముకుంటూ ఒక పెద్దామె దగ్గరికి వెళ్లి చెయ్యి చాపాడు. ఆమె గుడ్డలోంచి రొట్టె తీసి ఇచ్చింది. వీడు దాన్ని తుంచి మొదటి ముక్క ఆమె నోటికే పెట్టాడు. ఆమె వాడి తల మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు. ఆ ప్రశ్నల్లో దీనికి ఒక్క టిక్కు కూడా లేదు.

పెన్నా_గట్టు | సోమవారం, రాత్రి 8:10

అమ్మా, మీరు చెప్పింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మిమ్మల్ని అడిగిన ఆ ప్రశ్నల వరస పేరు వైన్‌లాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేల్. 1935లో అమెరికాలో ఎడ్గర్ డాల్ తయారుచేశాడు. వైన్‌లాండ్ అనేది ఆయన పనిచేసిన ఊరు. మన దేశానికి తగ్గట్టు మార్చింది మాలిన్. ఇందులో 89 అంశాలు, పుట్టినప్పటి నుంచి 15 ఏళ్ల దాకా. తినడం, బట్టలు వేసుకోవడం, తిరగడం, మాట, పని, నలుగురితో కలవడం, ఇలా ఎనిమిది విభాగాలు. పిల్లవాడు ఏ వయసువాళ్లు చేసే పనులు చేస్తున్నాడో చూసి సామాజిక వయసు కట్టి, అసలు వయసుతో భాగించి నూరుతో గుణిస్తారు. మీ బాబుకు పదేళ్లు, సామాజిక వయసు ఐదేళ్లు వచ్చి ఉంటుంది, అందుకే 50. అది రోజువారీ పనుల్లో ఎంత తోడు కావాలో చెప్పే లెక్క. మీ బిడ్డలో ఎంత భాగం ఉంది, ఎంత భాగం లేదు అనే అర్థం దానికి లేనే లేదు. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఈ స్కేలు మీద 36 నుంచి 54 మధ్య వస్తే 75 శాతంగా పెట్టారు.

మిమ్మల్నే అడగడం సరైన పద్ధతే. పరీక్ష గదిలో పిల్లవాడు ఏం చేయగలడో కాదు, రోజూ ఇంట్లో ఏం చేస్తున్నాడో తెలియాలన్నది డాల్ పట్టుదల. అది తెలిసింది తల్లికే.

కానీ ఒంటరిగా బజారుకు పోవడం దగ్గర జరిగింది పొరపాటు. డాల్ పద్ధతిలో చేస్తాడు, చేయడు అనే రెండు గుర్తులే కాదు, అవకాశం లేక చేయలేదు అనే గుర్తు కూడా ఉంది. ఆడపిల్లను బయటికి పంపని ఇల్లు, లారీల రోడ్డు పక్క ఇల్లు, ఇలాంటివాటి కోసమే అది. ముందూ వెనకా ఉన్న పనులన్నీ చేస్తుంటే దీన్ని కూడా చేసినట్టే లెక్క వేయాలి. అడిగేవాళ్లు తొందరలో ఉంటే మొదట ఎగిరిపోయేది ఈ గుర్తే.

ఆ స్కేలుకు వయసు కూడా మీద పడింది. డాల్ రాసిన అంశాల్లో అప్పుడప్పుడూ చిన్న ఉత్తరాలు రాయడం ఒకటి, ప్రకటన చూసి పోస్టులో వస్తువు తెప్పించుకోవడం ఇంకొకటి. ఈ రోజుల్లో ఉత్తరం రాసే పిల్లవాణ్ణి ఎక్కడ వెతకాలి?

కావలి_టీచర్ | సోమవారం, రాత్రి 9:00

సార్, అవకాశం లేక చేయలేదు అనే గడి నా కార్డులో లేదు. నా మనసులో కూడా లేదు. ఆ పిల్ల ఇల్లు చెరువు కట్ట మీద ఉందని నాకు తెలుసు. చుట్టూ ఇంకో ఇల్లు లేదు. బడి అయ్యాక ఆ పిల్ల ఎవరితో మాట్లాడుతుంది? చెరువు నీళ్లు చిలికే ఏరేటర్ల మోతతోనా? ఇది ముందే ఎందుకు తట్టలేదు నాకు?

సింగరాయకొండ_మాస్టారు | మంగళవారం, ఉదయం 7:25

అమ్మా, నేను హెడ్మాస్టరుగా రిటైరైనవాణ్ణి. నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను, మీరు చేయకుండా ఉంటారని.

బీఎడ్‌లో సోషియోగ్రామ్ చెప్పేవారు. మొరెనో అనే ఆయన 1934లో పుస్తకంగా రాసిన పద్ధతి. పక్కన ఎవరు కూర్చుంటే మీకు ఇష్టం అని ప్రతి పిల్లవాణ్ణీ అడిగి, పేర్లను చుక్కలుగా పెట్టి బాణాలు గీస్తే తరగతి బొమ్మ కనిపిస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉత్సాహంగా చేశాను. ఇష్టం లేని పేర్లు కూడా రాయమన్నాను. ఇంటర్వెల్‌కి పిల్లలంతా “నీ పేరు నేను రాయలేదురా”, “వాడి పేరు అందరం రాశాం” అని చెప్పేసుకున్నారు. ఒక అబ్బాయి మర్నాటి నుంచి చివరి బెంచీకి, అదీ గోడ వైపుకు జరిగి కూర్చున్నాడు. వాడి కాగితంలో వాడు ముగ్గురి పేర్లు ఇష్టంగా రాశాడు. ఆ ముగ్గురూ వాడి పేరు ఇష్టం లేనివాళ్ల వరసలో రాశారు. ఇన్నేళ్లయినా ఆ కాగితం నాకు కనిపిస్తూనే ఉంటుంది.

అయితే అదే బొమ్మ నాకు కళ్లు తెరిపించింది కూడా. మా టీచర్లందరూ మెచ్చుకునే క్లాస్ లీడరు ఒకడు ఉండేవాడు. చురుకు, మాటకారి, మేము ఏ పని చెప్పినా ముందుండేవాడు. పక్కన కూర్చోవడానికి వాడి పేరు ఒక్కరూ రాయలేదు. మాకు మంచివాడు, వాళ్లకు భయం.

తర్వాతి ఏళ్లలో ఇలా చేశాను. ఇష్టం లేనివాళ్ల ప్రశ్న పూర్తిగా మానేశాను. చివరి పీరియడ్‌లో ఒక్కొక్కరినీ విడిగా పిలిచి ముగ్గురి పేర్లు నోటితో చెప్పమనేవాణ్ణి, నేనే రాసుకునేవాణ్ణి. ఇంటికి పోయే వేళ కాబట్టి గుసగుసలు తక్కువ. ఆ కాగితం ఎవరికీ చూపించలేదు. బెంచీలు మార్చడానికి తప్ప దేనికీ వాడలేదు.

పెన్నా_గట్టు | మంగళవారం, మధ్యాహ్నం 1:15

మాస్టారు చెప్పిన రెండో సంగతి చాలా ముఖ్యం. జాన్ కోయీ, కెనెత్ డాడ్జ్ తదితరులు 1982లో ఈ పేర్ల లెక్కతో పిల్లల్ని ఐదు రకాలుగా చూశారు. అందరూ కోరుకునేవాళ్లు, అందరూ వద్దనేవాళ్లు, ఎవరికీ గుర్తురానివాళ్లు, కొందరు బాగా కోరుకుని కొందరు బాగా వద్దనేవాళ్లు, మధ్యస్థులు. మనం తరచూ చేసే పొరపాటు, రెండో రకాన్నీ మూడో రకాన్నీ ఒకే గాటన కట్టేయడం. ఎవరికీ గుర్తురాని పిల్లలు చాలామంది నెమ్మదైనవాళ్లు, చదువులో బాగానే ఉంటారు, తరగతి మారితే వాళ్ల స్థితి కూడా తొందరగా మారిపోతుంది. అందరూ వద్దనే పిల్లల పరిస్థితి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవచ్చు, నిజంగా తోడు కావలసింది వాళ్లకు. మీ అమ్మాయి ఏ రకమో తెలియకుండా సి వేస్తే రెండింటికీ ఒకే మందు ఇచ్చినట్టు.

ఇంకొక్క మాట. మాట్లాడని పిల్లకు గ్రేడు వేసే ముందు వినికిడి బాగుందో లేదో చూపించండి. ఇది మాత్రం మర్చిపోకండి.

కనిగిరి_అబ్బాయి | మంగళవారం, రాత్రి 11:48

నేను రాయాలా వద్దా అని రెండు రోజులు ఆగాను. ఇంట్లో నన్ను వసపిట్ట అంటారు. మా నాయనమ్మ దగ్గర కూర్చుంటే రాత్రి పన్నెండైనా కబుర్లు ఆగవు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్‌లో హాస్టల్లో వేశారు, అంతా ఇంగ్లీషు. మొదటి వారం తప్పు మాట్లాడితే నవ్వారు. రెండేళ్లు నోరు తెరవలేదు. అక్కడి వార్డెన్ మా నాన్నకు ఫోన్ చేసి “మీవాడికి మానసికంగా ఏదో ఉంది, చూపించండి” అన్నాడు. మా నాన్న నమ్మలేదు. ఎవరి మాట నిజం సార్? నేను రెండూ కదా.

పెన్నా_గట్టు | బుధవారం, ఉదయం 6:30

తమ్ముడూ, ఇద్దరి మాటా నిజమే. థామస్ ఆకెన్‌బాక్, ఆయనతో పనిచేసినవాళ్లు 1987లో 119 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. ఒక పిల్లవాడి గురించి తల్లీ తండ్రీ చెప్పేవి ఎంత కలుస్తాయంటే సుమారు 0.60. పూర్తిగా కలిస్తే 1, అసలు పొంతన లేకపోతే 0 అనుకోండి. ఇంట్లోవాళ్లూ టీచర్లూ లాంటి వేర్వేరు చోట్ల చూసేవాళ్ల మాటలు కలిసేది 0.28 మాత్రమే. పిల్లవాడు తన గురించి చెప్పుకునేదీ ఇతరులు చెప్పేదీ 0.22. ఇందులో ఎవరూ అబద్ధం ఆడటం లేదు. ఒకే పిల్లవాడు చోటును బట్టి వేరుగా ఉంటాడు, అంతే. అందుకే గ్రెషమ్, ఎలియట్ 1990లో తెచ్చిన సామాజిక నైపుణ్యాల స్కేలులో టీచరుకో పత్రం, తల్లిదండ్రులకో పత్రం, పిల్లలకో పత్రం విడివిడిగా పెట్టారు.

నీ విషయంలో కొలవాల్సింది ఆ హాస్టల్‌ని. తప్పు మాట్లాడితే నవ్వే గదిలో ఎవరి నోరైనా మూతపడుతుంది.

ఒంగోలు_హెచ్చార్ | బుధవారం, మధ్యాహ్నం 12:50

థార్న్‌డైక్ మెకానిక్ సంగతి చదివాక నా అనుభవం కూడా రాయాలనిపించింది. చీమకుర్తి వైపు క్వారీకి సూపర్‌వైజర్ కావాలంటే ఇద్దరు వచ్చారు. ఒకతను గ్రూప్ డిస్కషన్‌లో అదరగొట్టాడు. ఇంకొకతను తన వంతు వచ్చేదాకా ఆగి, రెండు ముక్కలు మాట్లాడి ఊరుకున్నాడు. మాటకారినే తీసుకున్నాం. క్వారీలో పనిచేసేవాళ్లు చాలామంది బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లు ఏదైనా చెబుతుంటే ఇతను సగంలోనే అందుకుని తన మాట మొదలుపెట్టేవాడు. మూడు నెలల్లో ఒక జట్టు జట్టే వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు వాళ్ల మేస్త్రీ అన్న మాట, “ఆయన మంచోడే సార్, మా మాట చెవిలో పడదు.”

అయినా నాకు ఒక కొలత కావాలి, తప్పదు. రోజుకు ముప్పైమంది వస్తే నాకున్నది తలకు పావుగంట. ఇప్పుడు నేను చేసేది, అందరికీ అవే ప్రశ్నలు, అదే వరస, మార్కులు ముందే అనుకుని పెట్టుకోవడం. “మీ కింద పనిచేసే మనిషి తప్పు చేసి దాచాడు, మీకు తెలిసింది, ఏం చేశారు?” అని జరిగిన సంగతే అడుగుతాను. తలెత్తి చూశాడా లేదా అన్నదానికి మార్కు తీసేశాను. తొలి రోజు నేను రాసింది కొంత వెనక్కి తీసుకుంటున్నాను మేడమ్. అయితే పేరు కూడా చెప్పలేని పిల్లల గురించి నా బెంగ అలాగే ఉంది. అవకాశం రాలేదని రాసి ఊరుకుంటే సరిపోదు, ఆ అవకాశం ఎవరు ఇస్తారో కూడా రాయాలి.

కొత్తపట్నం_వల | బుధవారం, సాయంత్రం 5:05

అన్న చివరి మాట నాకు నచ్చింది. మా అత్త కూడా పుట్టుకతో నేర్చుకుని రాలేదు. ఎనిమిదేళ్లప్పటి నుంచి వాళ్లమ్మ పక్కన గంప పట్టుకుని నిలబడింది.

కావలి_టీచర్ | మూడు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 6:20

మీ అందరికీ చెప్పాలని వచ్చాను. వినికిడి పరీక్ష చేయించాం, బాగుంది. మాస్టారు చెప్పినట్టు విడివిడిగా మూడు పేర్లు అడిగాను. ఆ అమ్మాయి పేరు ఇద్దరు చెప్పారు. నేను ఒక్కరు కూడా చెప్పరనుకున్నాను.

తర్వాత ఇంటర్వెల్‌లో స్టాఫ్ రూముకు పోకుండా వరండాలో నోట్సు దిద్దుకుంటున్నట్టు కూర్చున్నాను. వేపచెట్టు కింద నలుగురు పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు. మొదటి రోజు మా అమ్మాయి స్తంభం పక్కన నిలబడి చూసింది. రెండో రోజు గీతల దాకా వచ్చింది. ఎవరైనా గీత తొక్కితే ఆడేవాళ్లకన్నా ముందే ఈ పిల్ల పెదవి కొరుక్కునేది, నోరు మాత్రం ఎత్తలేదు. మూడో రోజు సోమవారం. ఆడే పిల్ల విసిరిన బిళ్ళ గీత మీద పడి దొర్లి కాలవలోకి పోయింది. వాళ్లు వెతుకుతున్నారు. ఈ పిల్ల జేబులోంచి ఒక పెంకు తీసింది. అంచులు అరగదీసి నున్నగా ఉంది. “ఇది దొర్లదు” అంది. అంతే. ఆడే పిల్ల దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి “యాడ దొరికింది?” అంది. “నేనే అరగదీశా, కట్ట మీద.” ఆ తర్వాత ఐదో వంతు ఈ పిల్లదే.

అదే సమయంలో పక్కన మగపిల్లల క్రికెట్‌లోకి నేను ‘ఎ’ వేసిన అబ్బాయి వచ్చాడు. వచ్చీ రాగానే “నేను ముందు బ్యాటింగ్” అన్నాడు. బ్యాటు వాడిది, ఇచ్చారు. గురువారం బ్యాటు తేలేదు. వాడు వచ్చేసరికి ఆట ఆగిపోయింది, అందరూ నీళ్ల ట్యాంకు దగ్గరికి వెళ్లిపోయారు. వాడు ఒక్కడే కాసేపు వికెట్ల దగ్గర నిలబడ్డాడు. నాకు ఇప్పుడు ఆ పిల్లవాడి మీదే ఎక్కువ దిగులుగా ఉంది.

పెన్నా_గట్టు | శనివారం, రాత్రి 8:45

మేడమ్, మీరు చూసింది అచ్చంగా పరిశోధకులు గదులు కట్టి, కెమెరాలు పెట్టి చూసిందే. ఆడుకునే గుంపులోకి కొత్త పిల్లవాడు ఎలా చేరతాడన్నది మార్తా పుటాలజ్, జాన్ గాట్‌మన్ 1981లో పరిశీలించారు. తోటివారు ఇష్టపడని పిల్లలు వచ్చీ రాగానే తమ గురించి చెప్పుకోవడం, కాదనడం, జరుగుతున్న ఆటను తమ వైపు తిప్పుకోబోవడం ఎక్కువ. నెగ్గుకొచ్చే పిల్లలు ముందు పక్కన నిలబడి చూస్తారు, ఆట ఏమిటో పట్టుకుంటారు, ఆ ఆటకు పనికొచ్చేదే అంటారు లేదా చేస్తారు. మీ అమ్మాయి మూడు రోజులు తీసుకుంది. తీసుకోనివ్వండి.

ఆ అబ్బాయి గురించి మీ దిగులు సరైనదే. వాడికి ఎవరూ ఇప్పటిదాకా “ముందు ఒక ఓవర్ చూడు, తర్వాత ఫీల్డింగ్ అడుగు” అని చెప్పి ఉండరు. ‘ఎ’ వచ్చిన పిల్లవాడికి ఎవరు చెబుతారు? ఇది చెప్పి నేర్పగలిగిందే. విడిగా పిలిచి, ఒక్క ముక్కగా చెప్పండి.

బుచ్చి_అమ్మ | ఆదివారం, ఉదయం 10:10

అమ్మా, కార్డులో సి మార్చారా?

కావలి_టీచర్ | ఆదివారం, రాత్రి 9:30

కార్డు అప్పటికే వెళ్లిపోయింది అక్కా, గ్రేడు మార్చే వీలు లేదు. వేరే తెల్ల కాగితం మీద రాసి ఆ తల్లికి పంపాను. ఎక్కడ చూశాను, ఎన్ని రోజులు చూశాను, ఏం చేసింది, ఇంకా దేనికి అవకాశం రాలేదు, అది నేను ఎప్పుడు ఇస్తాను. అన్నీ కలిపి ఎనిమిది వాక్యాలు. మొత్తం 38 మందికీ రాయడం మొదలుపెట్టాను, ఇప్పటికి పదకొండు అయ్యాయి. నెలకు పదిహేనుమందికి మించి చూడలేను, అది కూడా ఒప్పుకోవాలి.

ఆ పిల్లే తల్లికి చదివి వినిపించిందట. నిన్న ఆ తల్లి ఫోన్ చేసింది. కాగితం గురించి ఒక్క మాట కూడా అనలేదు. “ఆ ఆడుకునే బిడ్డలు ఎవురమ్మా? పేర్లు చెప్పండి. ఆదివారం చెరువు కాడికి పంపిస్తారేమో అడగండి, చేపల పులుసు చేస్తా” అంది. ఇద్దరి ఇళ్లలో అడిగాను. ఒకరు నీళ్ల దగ్గరికి ఆడపిల్లను పంపమన్నారు. రెండో పిల్ల వాళ్ల నాన్న వచ్చే వారం బండి మీద తనే దింపుతానన్నాడు.

సింగరాయకొండ_మాస్టారు | సోమవారం, ఉదయం 7:05

అమ్మా, పిల్లల పేర్లు తీసేసి ఆ కాగితం నమూనా ఒకటి ఇక్కడ పెట్టండి. మా మండలంలో అడిగేవాళ్లు ఉన్నారు.

కావలి_టీచర్ | సోమవారం, ఉదయం 7:40

బడి నుంచి వచ్చాక పెడతాను మాస్టారూ. ఇప్పుడు బస్సులో ఉన్నాను.